పసుపు అంచు

నా ఉద్యోగం రక్తనాళాలు లెక్కపెట్టడం. మనుషులవి కాదు, కోడిగుడ్డులో పెరిగే పిండానివి. పొదిగే పెట్టెలో మూడు రోజులుంచిన గుడ్డు పెంకుకి సన్నటి కత్తెరతో చిన్న కిటికీ కోసి, టేపు అంటించి, మళ్ళీ పెట్టెలో పెడతారు. ఎనిమిదో రోజున ఆ కిటికీలోంచి చూస్తే లోపలి పల్చటి పొర మీద ఎర్రటి నాళాలు పాకుతూ కనిపిస్తాయి. మందులో తడిపిన కాగితపు బిళ్ళని ఆ పొర మీద పెట్టి, రెండు రోజులాగి ఫొటో తీస్తారు. ఫొటోలో బిళ్ళ చుట్టూ ఒక గీత గీసి ఉంటుంది. ఆ గీతని ఎన్ని నాళాలు దాటాయో నేను చెప్పాలి. చేతిలో మీట నొక్కితే అంకె మారే యంత్రం ఉంటుంది. ఒక నాళానికి ఒక నొక్కు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని.

“కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అని ఊరికే అంటారనుకున్నానే. దానికి జీతమిచ్చి మరీ మనుషుల్ని పెడతారని నీ వల్లే తెలిసింది,” అంటుంది అక్క.

అక్క ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. తన పక్క సీటు కింద రెండో బ్రేకు ఉంటుంది కానీ అది తొక్కడం అక్కకి నామోషీ. నోటితోనే బండి ఆపిస్తుంది. రెండేళ్ళ కిందట ఆమెకి అండాశయంలో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు. ఇప్పుడు మూడు వారాలకోసారి, గురువారం పూట, ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఒక మందు ఎక్కించుకుంటోంది. గడ్డ పెరగాలంటే దానికి తిండి కావాలి. తిండి కోసం పక్కనున్న రక్తనాళాల నుంచి కొత్త కొమ్మల్ని తన వైపు లాక్కుంటుంది. ఈ మందు ఆ కొమ్మల్ని మొలవనివ్వదు. మొదటిసారి నేనిది చెప్పినప్పుడు అక్క కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది.

“అంటే అది దొంగరోడ్లు వేసుకుని సరుకు దింపుకుంటోంది. మనం రోడ్లు మూసేస్తున్నాం. అంతేగా?”

అంతే. మా ల్యాబు నడిపే పెద్ద మేడం గంటసేపు పాఠం చెప్పే సంగతిని అక్క రెండు ముక్కల్లో తేల్చేసింది.

మా ల్యాబులో వెతికేది కూడా రోడ్లు మూసే మందునే, కాకపోతే మొక్కల్లో. ఆకుల్లో, పూలల్లో, పళ్ళ తొక్కల్లో ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలుంటాయి. చాలావాటిది పసుపు రంగు. వాటిలో కొన్ని కొత్త నాళాల్ని ఆపుతాయేమో, అండాశయ క్యాన్సర్‌కి పనికొస్తాయేమో అని పెద్ద మేడం ఆరేళ్ళుగా ఒక మొక్క పట్టుకుని కూర్చున్నారు. ఖరీదైన మొక్కేమీ కాదు. గోడ పగుళ్ళలో, రోడ్డు అంచుల్లో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది.

లెక్కపెట్టేవాళ్ళకి ఏ ఫొటో ఆకు సారం పెట్టిన గుడ్డుదో, ఏది ఉత్త బిళ్ళ పెట్టిన గుడ్డుదో తెలియకూడదు. తెలిస్తే మనసు కంటి మీద స్వారీ చేస్తుంది. అందుకని బిళ్ళలు పెట్టడం, ఫొటోలు తీయడం ఇంకొకరి పని. ఆయన్ని అందరూ గుడ్లాయన అంటారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. చీటీలు కలిపి ఫొటోలకి నంబర్లు వేసి, ఏ నంబరు ఏదో రాసిన కాగితాన్ని కవరులో అంటించి సొరుగులో దాస్తాడు. నేను లెక్క ముగించి సంతకం పెట్టేదాకా ఎవరడిగినా తీయడు.

“నీ కళ్ళకి గంతలు కట్టేది నేనే అమ్మాయ్,” అంటాడు. నాకు నలభై ఆరేళ్ళు.

రెండు వారాల కిందట ఆకు సారం మోతాదు బాగా పెంచి నలభై గుడ్ల మీద చూశాం. నేను లెక్క ముగించాక గుడ్లాయన కవరు చింపాడు. ఉత్త గుడ్లలో సగటున నలభై ఒక్క నాళాలు, ఆకు గుడ్లలో పదహారు. అరవై శాతం తగ్గాయి. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఆ కాగితం ఇంకోసారి చూశారు. ఆవిడ సంతోషం అంతకంటే పైకి కనపడదు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క, బావ కింద అంతస్తులో ఉంటారు, నేను పై అంతస్తులో. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వాళ్ళ వంటగదిలోకి పోయి గంటసేపు ఆ అరవై శాతం గురించే మాట్లాడాను. అక్క చారు గరిటె చేతిలో పట్టుకుని విన్నది. బస్ డిపోలో టైం కీపర్‌గా చేసే బావ మాత్రం, “ఆలూ లేదు చూలూ లేదు,” అని సగం సామెత అని ఊరుకున్నాడు.

తర్వాత ఏం జరిగిందో నేను గమనించలేదు. పన్నెండు రోజులయ్యాక, ఆదివారం పొద్దున కిందికి వెళ్తే అక్క గాజు గ్లాసులో పచ్చగా ఏదో తాగుతోంది.

“ఏంటక్కా అది?”

“నీ ఆకే. పొడి దొరుకుతోంది. రోజుకి మూడు గ్లాసులు. చేదు చచ్చేంత ఉంది, మందన్నాక ఉండదా మరి.” గ్లాసు కింద పెట్టి, రేపు మార్కెట్‌కి వెళ్ళను అన్నంత మామూలుగా, “ఈ గురువారం నేను ఆసుపత్రికి పోను,” అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను.

“రెండూ చేసేది ఒకటే పని, రోడ్లు మూయడం. నువ్వే చెప్పావు. అది ఎక్కించుకుంటే ముక్కు నుంచి రక్తం, బీపీ, కీళ్ళు సలుపు. ఇవన్నీ పోనీ అనుకున్నా. గొంతు చూడు ఎలా తయారైందో.”

నిజమే. అక్క గొంతు ఆ మందు మొదలైన నాలుగో నెల నుంచి బొంగురుపోయింది. ఇప్పుడు చెక్క స్కేలు ఒకటి కార్లో పెట్టుకుని, ఆపమని చెప్పాల్సివస్తే డ్యాష్‌బోర్డు మీద కొడుతోంది.

“మొన్న ఆ పళ్ళ డాక్టరమ్మ స్కేలు చప్పుడికి అదిరిపడి బ్రేకు బదులు ఎక్సలేటర్ తొక్కింది. ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ పీకే మనిషి, గేరు మార్చాలంటే వణుకు. ఆవిడ మీద అరవాలా వద్దా? అరవడానికి గొంతేదీ?”

నేను లేచి బయటికొచ్చాను. మెట్ల దగ్గర బావ నన్ను ఆపాడు. ఆసుపత్రి తేదీలు ఆయన డిపో పద్ధతిలో ఒక చార్టు మీద రాసి బీరువా తలుపుకి అంటించాడు. తొమ్మిది గళ్ళలో టిక్కులున్నాయి.

“నా మాట ఎటూ వినదు. నువ్వు అరవై అన్నావు, అది అరవై పట్టుకుంది. నువ్వే చెప్పాలమ్మా,” అన్నాడు. కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

సోమవారం కొత్త ఫొటోలొచ్చాయి. అదే మోతాదు, మళ్ళీ నలభై గుడ్లు. ఒకసారి వచ్చిన ఫలితం రెండోసారి కూడా వస్తేనే మా దగ్గర దానికి విలువ. నేను మీట పట్టుకుని మొదలుపెట్టాను. ఏడో ఫొటోలో ఒక నాళం గీత దాకా వచ్చి వెంట్రుకంత సన్నబడి, ఆవలికి పోయిందో లేదో తెలియకుండా ఉంది. అలాంటివి ప్రతి ఫొటోలోనూ ఉంటాయి. నా వేలు మీట మీద ఆగింది. నొక్కలేదు. తర్వాతి ఫొటోకి వెళ్ళాను. అందులోనూ అలాంటిదే ఒకటి. ఈసారి వేలు నొక్కేసింది.

వెనక్కి ఏడో ఫొటోకి వెళ్ళాను. బిళ్ళ అంచు చుట్టూ, తెల్లకాగితం మీద టీ కప్పు పెట్టి తీసినట్టు, లేత పసుపు రంగు ఉంది. ఎనిమిదో ఫొటోలో లేదు.

మోతాదు తక్కువగా ఉన్నప్పుడు ఆ రంగు కనపడేది కాదు. పెంచాక ఆకు తన రంగు వదిలింది. రెండు వారాల కిందటి ఫొటోలు తీశాను. వాటిలోనూ ఉంది. అప్పుడు నేను చూడలేదా? చూశాననే అనుకుంటాను. ఆ వారంలోనే అక్కకి ముక్కు నుంచి రక్తం ఆగక బావ తువ్వాళ్ళు మార్చాడు. పసుపు అంచున్న ఫొటో రాగానే నా వేలు బరువెక్కి ఉంటుంది.

లెక్క ఆపేసి కాగితం తీసుకున్నాను. అంచు రంగు ఒక్కటే చూసి, నలభై ఫొటోలకీ పక్కన ‘ఆకు’ అనో ‘ఉత్త’ అనో ఊహ రాశాను. ఆ కాగితం పట్టుకుని గుడ్లాయన దగ్గరికి వెళ్ళాను.

“కవరు తీయండి.”

“సంతకం ఏదీ?”

“లెక్కపెట్టలేదు. పెట్టను కూడా. ఇది సరిచూడండి చాలు.”

ఆయన ఒకసారి నా మొహం చూసి సొరుగు తెరిచాడు. కవరు చింపి, పెన్సిలుతో ఒక్కొక్కటీ సరిచూశాడు. నలభైలో ముప్పై ఎనిమిది సరిపోయాయి. ఆయన పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు.

“ఇరవై ఆరేళ్ళ నుంచి చీటీలు కలుపుతున్నా. గంతలకి ఇంత చిల్లి ఉందని నాకే తెలీలేదు.”

“తప్పు నాది.”

“ఇద్దరిదీ. పద, ఆవిడకి చెబుదాం. తర్వాత చెబుదామనుకుంటే మనసు మారిపోద్ది.”

పెద్ద మేడం నిలబడే విన్నారు. నేను మా అక్క సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే తప్పు సగమే చెప్పినట్టు అనిపించింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మొదటి నలభై, ఈ నలభై, అన్నీ నలుపు తెలుపులోకి మార్చండి. కొత్త నంబర్లు వేయండి. పక్క ల్యాబువాళ్ళు ఇద్దరు లెక్కపెడతారు. నువ్వు ముట్టుకోవద్దు.” తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు. “మీ అక్క గారు ఏం తాగుతున్నారో వాళ్ళ డాక్టరుకి తెలుసా?”

తెలియదన్నాను.

“అది ముందు చూడు. గుడ్డు మీద మందు తిన్నగా పెడతాం. మనిషి తాగితే పేగులు, కాలేయం దాన్ని ముక్కలు చేశాక మిగిలేది ఎంతని? ఆ లెక్క మన దగ్గర లేదు.”

మంగళవారం మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఉత్త గుడ్లలో సగటున ముప్పై ఆరు, ఆకు గుడ్లలో ఇరవై ఎనిమిది. రెండు తడవలూ ఇంచుమించు అంతే. తగ్గింది ఇరవై రెండు శాతం. అంటే మొదటి తడవ నేను ఉత్తవాటిలో ఐదు నాళాలు ఎక్కువ చూశాను, ఆకువాటిలో పన్నెండు చూడలేదు. ఫలితం పూర్తిగా సున్నా అయితే ఏడ్చేదాన్నేమో. ఇది ఏడవడానికీ పనికిరాలేదు, సంతోషించడానికీ పనికిరాలేదు.

ఆ సాయంత్రం అక్క పాఠం ముగించే చోటికి వెళ్ళాను. మూతపడిన గిడ్డంగి ముందు పెద్ద ఖాళీ జాగా, అక్కడే రివర్సు నేర్పుతుంది. పళ్ళ డాక్టరమ్మ బండిని వంకరగా ఆపి, చెమట తుడుచుకుంటూ దిగింది.

“రేపు ఇదే టైముకి. పళ్ళు పీకేటప్పుడు కళ్ళు మూసుకోరు కదా? రివర్సులోనూ మూసుకోకండి,” అని గొంతు పెగల్చుకుని అంది అక్క. ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయింది.

నేను డ్రైవరు సీట్లో కూర్చుని మొత్తం చెప్పాను. అరవై కాదు, ఇరవై రెండు. అదీ గుడ్లలో. తప్పు నాది. అక్క స్కేలుని ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి ఎదురు గోడ చూస్తూ విన్నది.

“మీ బావ ఎంత ప్రాక్టీసు చేయించాడే నీ చేత?”

“ఏంటి?”

“గురువారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇద్దరూ కలిసి కథ అల్లారుగా. నిన్నటిదాకా అరవై, నేను పోనన్న రెండో రోజుకి ఇరవై రెండు. చిన్నప్పుడు నా పలక నువ్వే పగలగొట్టి పిల్లి తోసిందన్నావు. అప్పుడూ ఇదే మొహం.”

ఇలా అంటుందని నేను అనుకోలేదు. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమోనని భయపడ్డాను. నమ్మదని తోచలేదు. నా మాట మీదే కట్టుకున్న నమ్మకం, నా మాటతో కూలడం లేదు. వెనక సీటు మీదున్న సంచీ తీశాను. గుడ్లాయన అచ్చు వేయించి ఇచ్చిన ఫొటోలు అందులో ఉన్నాయి. పనయ్యాక తిరిగి తెచ్చివ్వమని మూడుసార్లు చెప్పాడు. ముందు రంగువి ఇరవై ఇచ్చాను.

“వీటిలో ఆకు పెట్టినవి ఏవో తీయి.”

“నాకేం తెలుసు?”

“ఊరికే చూడు.”

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. నాలుగు ఫొటోల దాకా తడుముకుంది. ఐదోది వెలుగుకి ఎత్తి చూసి, మొదటి నాలుగూ మళ్ళీ తిరగేసింది. ఆ తర్వాత పేకముక్కలు పంచినట్టు రెండు కుప్పలు వేసేసింది. వెనక నంబర్లు చూపించాను. ఒక్కో కుప్పలో పదికి పదీ సరిపోయాయి.

“పసుప్పచ్చగా అంచు కనపడుతోంది కదే. గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది.”

నలుపు తెలుపువి ఇచ్చాను. అవే ఫొటోలు. అక్క ఒక్కొక్కటి దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసింది. గీత దాటిన నాళాల్ని గోటితో లెక్కపెట్టబోయింది. కుప్పలు వేసింది, కలిపేసింది, మళ్ళీ వేసింది. సరిచూస్తే సగానికి సగం తప్పు.

“ఇవన్నీ ఒకేలా ఉన్నాయి.”

“మరీ ఒకేలా లేవు. ఇరవై రెండు శాతం తేడా ఉంది. కానీ అంతే.”

అక్క ఫొటోల అంచులు సమంగా సర్ది నా చేతికిచ్చింది. ఒక సైకిలు ఆయన ఖాళీ జాగాలోంచి అడ్డంగా వెళ్ళి వీధిలో కలిశాడు.

“కావాలని చేశావా?”

“లేదక్కా. చేస్తున్నానని కూడా తెలీదు.”

“కావాలని చేసుంటే నాలుగు తన్ని వదిలేసేదాన్ని. దీనికేం చేయాలి?” బొంగురు గొంతు ఇంకా కిందికి దిగింది. “రెండు వారాలు ఆ చేదు తాగానే. పొద్దున్నే లేచి, ఇది నేను నా చేత్తో చేసుకుంటున్న మందు అనుకునేదాన్ని. ఆ కుర్చీలో నేను చేసేదేముంది? చెయ్యి చాపడమే.”

నేను ఫొటోల్ని సంచీలో పెట్టాను.

“ఆ కుర్చీ మందు సంగతో? అదైనా సరిగ్గా లెక్కపెట్టారా?”

“అది గుడ్ల మీద కాదు, ఆడవాళ్ళ మీద చూశారు. వందల మంది. గడ్డ మళ్ళీ పెరగడం ఆలస్యమైంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. నీకు ఎంతో నేను చెప్పలేను.”

“మొన్నటి నువ్వయితే చెప్పేసేదానివి,” అని అక్క సీటుబెల్టు పెట్టుకుంది. “పోనీ. గొంతు సంగతి తేల్చాకే సూది గుచ్చనిస్తాను. మీ బావకి ఈ మాట నువ్వు చెప్పకు, నేను చెప్తా. లేకపోతే తనే గెలిచాననుకుంటాడు.”

గురువారం ఆసుపత్రిలో మా వంతు పదకొండింటికి వచ్చింది. పొడుగు గది, ఎనిమిది కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కన ఒక స్టాండు. నర్సు బీపీ చూసి, ఎప్పటిలాగే కాగితం మీంచి తలెత్తకుండా అడిగింది.

“ఇంకేమైనా వాడుతున్నారా? పొడులు, ఆకులు, కషాయాలు?”

“ఆకు. రోజుకి మూడు గ్లాసులు, రెండు వారాలు. నిన్నటి నుంచి మానేశా.”

నర్సు తలెత్తింది. తిట్టలేదు. ఆకు పేరు రాసుకుని డాక్టర్ని పిలిచింది. డాక్టరు, ఆ ఆకు ఈ మందుతో కలిసి ఎలా ప్రవర్తిస్తుందో తెలియదని, ఇకమీదట ముట్టుకోవద్దని చెప్పి, రక్తం మళ్ళీ పరీక్షకి పంపాడు. గొంతు గురించి అక్క ముందే రాసుకొచ్చిన నాలుగు ప్రశ్నలూ అడిగింది. గొంతు డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. వచ్చే నెల స్కాన్ బాగుంటే మందుకీ మందుకీ మధ్య ఎడం పెంచే సంగతి ఆలోచిద్దామన్నాడు. మాటివ్వలేదు. అక్క ఆ ‘బాగుంటే’ని తన కాగితం మీద రాసుకుంది.

పరీక్ష ఫలితం వచ్చాక మందు పెట్టారు. అక్క కళ్ళు మూసుకుంది. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, తలకి ఊలు టోపీ పెట్టుకుని, ఇందాకటి నుంచి మా మాటలే వింటోంది. నా వైపు వంగింది.

“ఏ ఆకమ్మా అది? నాకూ ఇదే జబ్బు.”

పేరు చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది.

“మా పెరటి గోడ నిండా అదే కదా! పనిచేస్తుందా?”

“కోడిగుడ్లలో కొత్త రక్తనాళాల్ని ఐదో వంతు తగ్గించిందండీ. మనుషులకి ఇచ్చి చూడలేదు. తాగితే రక్తంలోకి ఎంత చేరుతుందో కూడా తెలీదు. డాక్టరుకి చెప్పకుండా మాత్రం వద్దు.”

“ఎప్పటికి తెలుస్తుంది?”

“చాలా ఏళ్ళు పడుతుంది.”

ఆవిడ కొంచెంసేపు తన చేతికున్న గొట్టం వైపు చూసుకుంది. “అంటే నాకోసం కాదన్నమాట.”

“నాకు తెలీదండీ,” అన్నాను.

“ఉన్నదున్నట్టే చెప్తోంది లెండి,” అంది అక్క కళ్ళు తెరవకుండా. “మీరు నడపగలరా కారు?”

“ఈ వయసులోనా?”

“వయసుకేముంది. రెండో బ్రేకు నా కాలికిందుంటుంది.”

ఆవిడ నవ్వి, ఊలు టోపీ సర్దుకుని, గేర్లు ఎన్నుంటాయని అడిగింది. నేను లేచి నా కుర్చీని కాస్త వెనక్కి జరిపి, వాళ్ళిద్దరికీ మధ్య అడ్డం తొలగాను.